ఒక్కరికి కుట్టిన పరుపు

నాగుల్ మీరా అన్నయ్య రేపల్లెలో మా పక్కింట్లోనే పరుపులు కుట్టేవాడు. గడ్డకట్టిన పాత పరుపు ఇస్తే విప్పి, ఎండబెట్టి, దూది ఏకి, పెళ్లినాటి పరుపులా చేసి ఇచ్చేవాడు. బంగారంలాంటి మనిషి, కానీ మహా మొండి. మూత్రంలో రక్తం పడుతుంటే నాలుగు నెలలు పెళ్లానికి కూడా చెప్పలేదంటే నాకు ఒళ్లు మండదూ మరి.

2006లో గుంటూరు డాక్టరుగారు ఆయన మూత్రాశయంలోని క్యాన్సర్ గడ్డ తీశారు. మళ్లీ వస్తే మూత్రాశయమే తీసేయాలన్నారు. రాకుండా వారానికోసారి, ఆరు వారాలు, పసిపిల్లలకు టీకాగా వేసే బీసీజీ మందునే గొట్టంతో లోపలికి ఎక్కిస్తామన్నారు. వాళ్లకు తోడు వెళ్లిన నేను, పంతులమ్మను కదా, అదెందుకని అడక్కుండా ఉండలేకపోయాను.

"ఒంట్లో టి-కణాలని కాపలా సైన్యం ఉంటుందమ్మా. క్యాన్సర్ వాటి కళ్లుగప్పి పెరుగుతుంది. ఈ మందు అక్కడ అలజడి రేపి ఆ సైన్యాన్ని లేపుతుంది. ఒక పూట కాస్త జ్వరం వస్తే కంగారుపడకండి. తగ్గకపోతే మాత్రం వెంటనే రండి."

"గడ్డకట్టిన దూదిని ఏకినట్టేనండి," అన్నాడు అన్నయ్య. డాక్టరుగారు నవ్వారు.

ఆ వారమే మేలురకం దూది తెప్పించి కొత్త పరుపు మొదలుపెట్టాడు. కొలత చూస్తే ఒక్క మనిషికే. ఎవరికండీ అని అబీదా వదిన అడిగితే, "నీకే. నడుం నొప్పంటావుగా," అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

మందు ఎక్కించిన ప్రతి సాయంత్రం ఆయన ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి తగ్గేది. నుదురు కాలితే చాలు, సైన్యం లేచిందని మొగుడూ పెళ్లాలకు పండగే. ఐదోసారి మాత్రం మూడు రోజులైనా తగ్గలేదు. నేను వెళ్లి చూద్దును కదా, మనిషి వణికిపోతున్నాడు. జ్వరం మాత్ర కూడా వేసుకోలేదు.

"సైన్యం గట్టిగా కొడతా ఉంది చెల్లెమ్మా. ఇప్పుడు ఆపితే ఎట్టా?"

"నీ మొహం. దూదిని మరీ ఏకితే ఏమవుద్ది అన్నయ్యా?"

"పొడైపోద్ది."

"మరి లే."

కారు మాట్లాడి గుంటూరు బయలుదేరాం. మందులో బతికుండే సూక్ష్మజీవి రక్తంలోకి పాకిందట. ఇంకొక్క రోజు ఆగితే ప్రాణం పోయేదని డాక్టరుగారు నన్ను కూడా కలిపి తిట్టారు. ఆరో మోతాదు మానేసి, నెలల తరబడి వాడమని మాత్రలు రాశారు. మధ్యలో ఆగిన వైద్యం పనిచేసిందో లేదో తెలియక మూడు నెలలు ముగ్గురం బిక్కుబిక్కుమంటూ గడిపాం.

తర్వాత లోపల గొట్టం పెట్టి చూశారు. గడ్డ లేదు. మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు.

ఇంటికి రాగానే వదిన ఆ పరుపును వరండాలోకి ఈడ్చి, కత్తెర తీసుకుని అంచు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నెల రోజులు కూర్చుని కుట్టిన మనిషి బిత్తరపోయి చూశాడు.

"ఏంటే ఆ పని?"

వదిన తలెత్తలేదు. "ఇంకో మనిషికి సరిపడా దూది కలపండి," అంది.