స్పెయిన్ ద్రాక్షతోటలో పలకరాయి

గట్టు మీద నుంచి పలకరాతి పెచ్చులు గలగలమని రాలిన చప్పుడు వినగానే నా గుండె ఝల్లుమంది. మార్కాపురం క్వారీలో పనిచేసిన మా నాయన చిన్నప్పుడే చెప్పాడు: "పెచ్చులు రాల్తే ఎనకాల పెద్దబండ వస్తాదమ్మా. చూస్తా నిలబడొద్దు."

కానీ ఇది స్పెయిన్. మా ఆయన ఆఫీసు పని మీద వస్తూ, పిల్లల్ని నాయన దగ్గర ఉంచి నన్నూ తీసుకొచ్చాడు. ఒక కుటుంబం సొంతంగా వైన్ చేసే కొండతోట అది. డెబ్బై దాటిన యజమానురాలు గట్టు కిందే నిలబడి మాకోసం రెడ్‌వైన్ సీసా తెరుస్తోంది.

నేను పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను.

"నీ భయం పాడుగాను! ఆమెనెందుకట్ల లాగినావు?" అని మా ఆయన అరిచేలోపే, ఆమె నిలబడిన చోట తలుపంత బండ పడింది. సీసా పగిలి వైన్ నల్లరాళ్ల మీద పారింది.

పెద్దావిడ ఆ బండ వైపు చూసి, పకపకా నవ్వింది. "తోట తన వాటా తాగింది, ఇక మన వంతు" అంది ఇంగ్లీషులో. "నీకెలా తెలిసింది?"

"మాదీ పలకల ఊరే!"

ఆమె నన్ను వాటేసుకుంది. ద్రాక్షవేళ్లు ఈ రాతి పొరల్లోంచే నీళ్లు వెతుక్కుంటాయట, వైన్ రుచంతా రాయిదేనట! మా ఊరి రాళ్లకుప్పల మీద నేను ముళ్లకంపే చూశాను. ఆమె ఇంకో సీసా తెచ్చి పోసింది; ఎన్నడూ తాగని నేను ఆ ఆనందంలో ఒక గుక్క తాగేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో పిల్లలకు చెప్పాను: "తాతకు చెప్పండిరా, ఇక్కడి పలకరాయి కూడా ముందు చెప్పే పడుతుందని!"