కషాయంలో కలిపిన మాత్ర

మా అక్కకి అబద్ధం ఆడటం రాదు. చిన్నప్పుడు అద్దం పగలగొట్టింది నేనైతే, ముఖం కందిపోయి దొరికిపోయింది తను. అలాంటి మనిషి ఎనిమిది నెలలపాటు రోజూ ఒక అబద్ధాన్ని పొయ్యి మీద కాచిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

బావ దర్జీ, కటింగ్ మాస్టరు. ఆయన గుడ్డ మీద గీత గీశాక ఇంకెవరూ నోరెత్తకూడదు. దుకాణంలో రెండో మిషను ఆయన స్నేహితుడిది. కాజాలు కుట్టడంలో అతన్ని మించినవాడు లేడు కాబట్టి అందరికీ కాజాలాయన అయిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే గదిలో, ఒకే రేడియో వింటూ పనిచేశారిద్దరూ. అక్క ఇంట్లోనే కూర్చుని గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి పంపేది. కాజాలాయన ఆవిడని నోరారా "చెల్లెమ్మా" అని పిలిచేవాడు.

రక్తపరీక్షలో బావకి కొలెస్ట్రాల్ బాగా ఎక్కువని తేలింది. డాక్టరు రోజుకో మాత్ర రాశాడు. "జీవితాంతం మింగమంటే నా వల్ల కాదు" అని బావ వాటిని సొరుగులో పడేసి, ఆయుర్వేద వైద్యురాలి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ తెల్లమద్ది బెరడు కషాయం, ఉసిరిపొడి, నానబెట్టిన మెంతులు చెప్పింది. వేపుళ్ళు మానమంది, రోజూ నడవమంది. డాక్టర్ని అడక్కుండా మాత్రలు మాత్రం ఆపొద్దని రెండుసార్లు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. బావకి ఆ ఒక్క మాటా వినపడలేదు. నచ్చని మాట వినపడకపోవడం ఆయనకి మొదటినుంచీ ఉన్న జబ్బే.

చెప్పి చెప్పి అక్క నోరు నొప్పెట్టింది. చివరికి పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చుకుని, రోజుకొకటి నూరి ఆయన కషాయంలో కలపడం మొదలుపెట్టింది. ఆ చేదులో ఏం కలిపినా తెలీదు.

"తప్పే. కానీ ముందు మనిషి ఉండాలి కదే" అంది నాతో. నేనూ ఊరుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆరు నెలలకి అంకెలు దిగాయి. నడకా తిండీ మేలు చేశాయి, కాదనను. బావ నడుం కూడా సన్నబడింది. ఆ రిపోర్టుని ఆయన దుకాణం గోడకి గుండుసూదులతో గుచ్చాడు. ఇక కొలతలకి వచ్చిన ప్రతివాడికీ పాఠమే. "రెండంగుళాలు పెరిగావు, కషాయం తాగు" అనేవాడు టేపు చుట్టి.

కాజాలాయనకి అంతకు రెండేళ్ళ ముందే గుండెకి స్టెంటు వేశారు. ఒకరోజు పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"చెల్లెమ్మా, నేనూ మాత్రలన్నీ మానేశా. మాస్టరు తాగేదే నాకూ ఇంత పొయ్యి."

అక్క ఫ్లాస్కు అందుకోలేదు. "వద్దు అన్నయ్యా, నీది స్టెంటు వేసిన గుండె. మాత్రలు వేసుకో."

"మాస్టరు మానలేదా? గోడ మీద సాక్ష్యం కనపడుతుంటే!" అని నవ్వాడు.

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అతనికి చెబితే సాయంత్రానికల్లా బావకి తెలుస్తుంది. అందుకని ఉత్త కషాయం ఫ్లాస్కులో పోసి పంపింది. అతను వెళ్ళగానే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఈ ఆదివారం ఆయనకి చెప్పేస్తా, ఆ తర్వాత అన్నయ్యకి చెబుతా" అంది. ఆ ఆదివారం బావ మంచి హుషారుగా ఉన్నాడని నోరు రాలేదు. తర్వాతి ఆదివారం ఇంకేదో అడ్డొచ్చింది. రోజూ ఫ్లాస్కు మాత్రం నిండుతూనే ఉంది.

ఏడో వారంలో కాజాలాయన మిషను మీదే తల వాల్చేశాడు. చేతిలో చొక్కాకి మూడు కాజాలే పూర్తయ్యాయి.

వారం తర్వాత ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళాం. బావ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. అయినా ఆ మనిషి ఊరుకోడే. "నాకు పనిచేసిన మందు వాడికెందుకు పనిచెయ్యదమ్మా? నూనె మానలేదేమో" అన్నాడు.

కాజాలాయన భార్య అక్క చెయ్యి పట్టుకుంది. "నిజమే వదినా. అడిగాడని రెండుసార్లు వెన్నలో గుడ్లు వేయించి పెట్టాను. నా చేతులతో నేనే చంపుకున్నాను" అని తల బాదుకుంది.

అక్క ఇక ఆగలేకపోయింది. మాత్రలు, నూరడం, ఉత్త కషాయం, అన్నీ చెప్పేసింది. బావని చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది. కాజాలాయన భార్య మాత్రం ఏడుపు ఆపి, అక్క ముఖంలోకి చూసింది.

"మీ ఆయన చిన్నబుచ్చుకుంటాడని మా ఆయనకి చెప్పలేదా వదినా?" అని అడిగింది.

"అవును వదినా" అంది అక్క.