విన్నవాళ్ళు లేవండి

నందిగామ కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడంకి ఒక వింత అలవాటుండేది. క్లాసులో ఎవరైనా కబుర్లాడితే వాళ్ళని వదిలేసి, "విన్నవాళ్ళు లేవండి" అనేవారు. ఇదెక్కడి న్యాయమని మాకు ఒళ్ళు మండేది.

క్యాన్సర్ పాఠం రోజు నన్నే లేపారు. పక్కనున్న స్నేహితురాల్ని చూపించి, "మాట్లాడింది ఇదండీ!" అన్నా.

"క్యాన్సర్ గడ్డ కూడా ఇలాగే మాట్లాడుద్దే. ఏవో రసాయనాలు వదిలి, నెత్తురు పంపండి, చోటివ్వండి అని పక్క కణాలకి కబురు పెడుద్ది. అవి విని, దానికోసం కొత్త రక్తనాళాలు పెంచుతాయి. వినేవాళ్ళు లేకపోతే దాని ఆటలు సాగవు" అన్నారు. తర్వాత వత్సవాయి నుంచొచ్చే రైతుల పిల్లల వైపు తిరిగి, "పక్క చేలో కలుపుమందు కొడితే మీ పత్తి ఆకు ముడుచుకుపోదూ? అలా గట్టు దాటొచ్చేదే అసలు ప్రమాదం" అన్నారు.

మొన్న ఆవిడకి రొమ్ములో గడ్డ తీశారని తెలిసి జగ్గయ్యపేటలో వాళ్ళింటికెళ్ళా. ఎలా పలకరించాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయా. మేడమే నవ్వి పిలిచారు.

"రావే, కూర్చో. డాక్టరుగారు గడ్డ గురించి చెప్పబోతే, దాని సంగతి తర్వాత, పక్కవాళ్ళ సంగతి చెప్పండి అన్నా."

"ఏమన్నారండీ?"

"గడ్డ చుట్టూ తీసిన కండ అంతా పరీక్ష చేయించారంట. క్యాన్సర్ కణం ఒక్కటీ లేకుండా శుభ్రంగా ఉందంట" అంటూ టీ గ్లాసు నా చేతికిచ్చారు. "దాని మాట ఎవరూ వినలేదే. లేపుదామంటే ఒక్కళ్ళూ దొరకలేదు."