తాళం ఎవరి దగ్గరుంది

మా అన్న విన్సెంట్ సరుకుల ఓడలో సెకండ్ ఆఫీసర్. కాజీపేటలో రైలు కూతల మధ్య పెరిగి సముద్రం మీద బతుకుతున్నాడని మా వాడలో అతనంటే ఇప్పటికీ ఒక వింత. ఓడలో డాక్టర్ ఉండడు. జ్వరమొచ్చినా, కాలు విరిగినా చూసుకోవాల్సింది మా అన్నే. మందుల గది అతని చేతిలో ఉంటుంది గానీ నొప్పిని చంపే మత్తుమందు మార్ఫిన్ మాత్రం కెప్టెన్ గదిలో, ఇనప్పెట్టెలో ఉంటుంది. తీసినప్పుడల్లా ఇద్దరు చూడాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. ఒక్క సీసాకు లెక్క తేలకపోయినా నౌకరీ పోతుంది, రేవులో పోలీసులు ఓడ ఎక్కుతారు. ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు. తలనొప్పి గోలీ కూడా గడువు తేదీ చదివి గానీ మింగడు. నేను ఎగతాళి చేసేదాన్ని.

ఈసారి సెలవుకు వచ్చేసరికి ఇంట్లో నవ్వే మొహం ఒక్కటీ లేదు. అమ్మకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. పక్క మీద ఒత్తిగిలాలన్నా ప్రాణం పోయినంత పనయ్యేది. అయినా అమ్మ ఏడవలేదు. జపమాల పిడికిట్లో బిగించి, పళ్లు కరుచుకుని, గోడ వైపు చూస్తూ పడుకునేది. నాలుగేళ్ల కింద గొంతు క్యాన్సర్‌తో పోయిన మా నాయిన కూడా అంతే. అరిస్తే ఇంట్లోవాళ్లు భయపడతారని తువ్వాల కొస నోట్లో కుక్కుకుని కొరికేవాడు. పోయిన తర్వాత చూస్తే ఆ కొస చిల్లులు పడి ఉంది. అప్పుడూ డాక్టర్లు ఒకటే మాట చెప్పారు, ఓర్చుకోవాలి అని. అన్న అప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు.

ఇప్పుడు అమ్మను చూస్తున్న పెద్ద డాక్టరును అన్న మార్ఫిన్ సంగతి అడిగాడు. "దాని జోలికి పోకున్రి. అలవాటైతది" అన్నాడాయన. రేపో మాపో పోయే మనిషికి అలవాటైతే ఏం మునుగుతుందో మాత్రం చెప్పలేదు. ఫీజు తీసుకోవడం మాత్రం మరిచిపోలేదు. మెడికల్ షాపు నవీన్ పాపం మంచివాడే. "అక్కా, అది మేం పెట్టం. కేసులైతయి" అన్నాడు.

ఆ కోపం ఇంటికొచ్చి అన్న మీద చూపించాను.

"ఓడల పెట్టె తాళం నీ కళ్ల ముందే ఉంటది గదా. ఒక్క సీసా తెస్తే ఏం పోయేది?"

"అది దొంగతనం చెల్లె."

"అమ్మ కంటే ఎక్కువనా?"

అన్న మెల్లగా చెప్పాడు. పోయిన ట్రిప్పులో ఇంజన్ రూములో పనిచేసే పిల్లగాడికి తొడ ఎముక విరిగిందట. రేవు ఐదు రోజుల దూరం. అన్న ఒడ్డు మీది డాక్టరును ఫోన్లో అడిగాడు, ఆయన ఇయ్యమన్నాడు, కెప్టెన్ పెట్టె తెరిచాడు, అన్న సూది వేశాడు. పిల్లగాడు పడుకున్నాడు.

"నేనొకటి ఎత్తుకొస్తే ఆ పోరడు రేవు దాకా మొత్తుకునేటోడు. ఎవరో ఒకరు మొత్తుకుంటరు. అది కాదు చెల్లె నాకు సమజ్ గానిది. భూమికి అంత దూరమున్నోడికి అర్ధగంటల దొరికింది. అమ్మ దవాఖానకు ఆటో దూరంల ఉన్నది."

మర్నాడు నన్ను కూడా రమ్మని ఒక సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. దాని పేరు రాయను, రాస్తే నా నోరు ఇంకా చెడుతుంది. మందుల కిటికీ దగ్గర వెంకట్రాజం అనే ఆయన తల ఎత్తకుండానే "లేదు" అన్నాడు.

"ఉన్నదా లేదా అని అడుగుతలేను సార్. తాళం ఎవరి దగ్గరున్నదో చెప్పున్రి" అన్నాడు అన్న.

ఓడలో అడిగే పద్ధతి అది. చట్టం తాళం వేయమన్నదంటే తాళం ఎవరో ఒకరి దగ్గర ఉండి తీరాలి. వెంకట్రాజం తల ఎత్తాడు. అతని వెనకే ఉంది ఇనప బీరువా, మీద దుమ్ము పేరుకుని.

"ఇన్‌చార్జి బదిలీ మీద పోయిండు సార్. లెక్క తక్కువొస్తే మెడకు పడతదని మళ్ల ఎవరు చార్జి తీసుకోలే. తాళం సూపరింటెండెంట్ సారు దగ్గరనే ఉన్నది."

"ఎన్ని రోజులాయె?"

"రోజులేంది సార్. అయిదారేండ్ల సంది బీరువా ఇట్లనే ఉన్నది. వచ్చిన మందు లోపట పెట్టుడు, మళ్ల తాళమేసుడు."

నాకు ఒళ్లంతా మండింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది వీళ్ల కథ. ఆ మందు రాసే అధికారమున్న డాక్టరమ్మ కూడా అదే దవాఖానలో పైఅంతస్తులో ఉంది. ఆమె దగ్గరికి ఒక్కరినీ పంపలేదు, అంతే. అన్న సూపరింటెండెంట్ గది ముందు కూర్చున్నాడు, లేవమన్నా లేవలేదు. "లెక్క నేను గూడ పక్కన నిలబడి చూస్త. సాక్షి సంతకం పెడత. జర తెరువున్రి సార్" అన్నాడు. సాయంత్రానికి ఆయనకే విసుగొచ్చి తాళం పట్టుకుని లేచాడు.

లెక్క సరిపోయింది. ఒక్క గోలీ తగ్గలేదు. ఎవరికైనా ఇస్తే కదా తగ్గడానికి. తెప్పించినవి తెప్పించినట్టే ఉన్నాయి. అన్న ఒక్కో షీటు వెలుతురుకు పట్టుకుని తేదీ చదివాడు. సగానికి గడువు ఎప్పుడో తీరింది. ఓడ మీద గడువు తీరితే సంతోషం, ఎవరికీ దెబ్బ తగల్లేదని అర్థం. ఇక్కడ ఊరంతా మొత్తుకుంటుంటే బీరువాలో గడువు తీరింది. ఏనాడూ గొంతు పెంచని అన్న పక్కనున్న వెంకట్రాజాన్ని ఒక బూతు మాట అన్నాడు, వెంటనే తల దించుకున్నాడు. నేనైతే దించుకునేదాన్ని కాదు.

డాక్టరమ్మ చీటీ రాసింది, గడువున్న గోలీలు చేతికొచ్చాయి. ఆ రాత్రి అమ్మ చాలా రోజులకు నిద్రపోయింది. తెల్లారి తనంతట తానే పక్కకు ఒత్తిగిలి, చాయ్ అడిగి తాగింది. పిడికిలి వదిలింది. అరచేతిలో జపమాల పూసల గుర్తులు కనబడ్డాయి.

"ఏడ దొరికింది బిడ్డా?" అంది.

అన్న బీరువా సంగతి చెప్పాడు. అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మీ నాయినప్పుడు గూడ ఉన్నదా ఆ బీరువా?"

లేదని చెప్పమని నేను అన్నకు కళ్లతో సైగ చేశాను. లెక్క తప్పు చెప్పడం అతని ఒంట్లో లేదు.

"ఉన్నదమ్మా" అన్నాడు.

అమ్మ గోడ వైపు తిరిగింది. ఆ పొద్దు అమ్మకు ఎక్కడా నొప్పి లేదు. అన్ని నెలల్లో అమ్మ ఏడ్చింది మాత్రం అప్పుడే.