పదకొండున్నర మీటర్లు

బుధవారం సాయంత్రం ఆ చీటీని పుస్తకం వెనక కవరులో పెట్టినప్పుడు నాకు ఏ సందేహమూ లేదు. గురువారం ఉదయం తొమ్మిదింటికి వచ్చిన ఒక ఫోను తర్వాత, ఆదివారం దాకా, సందేహం తప్ప మరేమీ మిగలలేదు.

ముందు ఆ చీటీల పద్ధతి చెప్పాలి. పటమటలో ఒక చేనేత బట్టల దుకాణం పై అంతస్తులో మేం ఎనిమిది మందిమి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటాం. రెండు రకాలే: పాత సైన్స్ ఫిక్షన్, యుద్ధ చరిత్ర. దుకాణం యజమానిని అందరం షావుకారు గారనే పిలుస్తాం. ఆయన నేత కుటుంబం నుంచి వచ్చారు. ప్రతి పుస్తకానికీ తానే ఖాకీ అట్ట వేసి, వెనక ఒక కవరు అంటించి, పైన అంకె వేస్తారు. ఇచ్చినవారి పేరు ఎక్కడా ఉండదు. చదివినవారు తమ అభిప్రాయాన్ని అరపేజీ చీటీ మీద, సంతకం లేకుండా రాసి కవరులో పెట్టాలి. నెలలో రెండో ఆదివారం ఉదయం ఆయన వాటిని పైకి చదువుతారు. ఎవరు రాశారని అడగకూడదు. పెట్టిన చీటీని వెనక్కి తీయకూడదు. సంతకం లేకపోవడం పేరుకు మాత్రమే. నా అక్షరాలు డ్రాయింగు బోర్డు మీద నేర్చుకున్నవి, నిలువుగా, ఒకే ఎత్తులో ఉంటాయి. వాటిని గుర్తుపట్టనివారు మాలో లేరు.

ఆటోనగర్‌లో కొలత పరికరాలను సరిచూసే గది ఒకటి నడుపుతాను. మైక్రోమీటర్లు, ప్రెషర్ గేజీలు నా దగ్గరికి వస్తాయి. ఏది ఎంత తప్పు చెబుతోందో రాసి ఇస్తాను. ఆ అలవాటు పుస్తకాల్లోకీ వచ్చింది. ఒక పాత నవలలో అంతరిక్ష నౌక నలభై సెకన్లలో అందుకున్న వేగాన్ని లెక్కగట్టి, 'కథానాయకుడు రెండో అధ్యాయం దాటి బతికే అవకాశం లేదు, మిగతా పదిహేడు అధ్యాయాలు ఎవరివి?' అని రాస్తే షావుకారు గారు నవ్వు ఆపుకోలేక చీటీని పక్కన పెట్టేశారు. మాలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ గారు ఉన్నారు. అదే నవల మీద ఆవిడ చీటీ ఇంకా చిన్నది: 'గ్రహం మీద ఊరు కట్టారు, వంటిల్లు కట్టలేదు.'

ఆ పుస్తకాల్లో తప్పు పట్టినందుకు నొచ్చుకునేవాళ్లు లేరు. ఆ గ్రహాల మీదికి ఎవరూ వెళ్లి రాలేదు. ఈ మాట నాకు గురువారం దాకా తట్టలేదు.

ముప్పై నాలుగో నంబరు పుస్తకం ఒక పాత యుద్ధ చరిత్ర. అందులో ఒక దళం పడవల వంతెన మీదుగా నది దాటుతుంది. వంతెన పొడవు రెండు వందల తొంభై మీటర్లు, లారీలు నూట ఇరవై, ఒక్కొక్కటి ఏడు మీటర్లు. వంతెన మీద వేగం గంటకు అయిదు కిలోమీటర్లు. పడవలు కుంగకుండా బండికీ బండికీ మధ్య ముప్పై మీటర్లు ఉండాలన్నది నియమం. ఇవన్నీ పుస్తకం చివరి అనుబంధంలో ఉన్నవే. మొదటి బండి వంతెన ఎక్కినప్పటి నుంచి ఆఖరి బండి దిగేదాకా యాభై ఆరు నిమిషాలు పట్టాలి. రచయిత మాత్రం ముప్పై నిమిషాల్లో, నష్టమేమీ లేకుండా దాటారని రాశాడు. నేను లెక్క మొత్తం చీటీ మీద వేసి, కింద ఒక వాక్యం చేర్చాను: 'ఇది రాసినవారు గానీ, ఆయనకు చెప్పినవారు గానీ ఆ వంతెన దగ్గర లేరు.'

ఫోను చేసింది లెక్చరర్ గారు.

“ముప్పై నాలుగు తీసుకున్నానండీ. మీ చీటీ చూశాను. ఆ పుస్తకం ఎవరిచ్చారో తెలుసా మీకు?”

“తెలీదండీ.”

“మిలిటరీ గారు. ఆ వంతెన దగ్గర ఆయన ఉన్నారట. నిన్న సాయంత్రం మీరు వెళ్లాక ఆయనా వచ్చారు. పుస్తకం తనదేనని ఆయనే చెప్పి, కొట్లోనే కూర్చుని మీ చీటీ చదివారు.”

“ఏమన్నారు?”

“కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.”

మిలిటరీ గారు చల్లపల్లి దగ్గరి రైతు కుటుంబం నుంచి పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరారు. తిరిగొచ్చాక ఆటోనగర్‌లో లారీ బరువు మోసే ఇనప పట్టీల కమాన్ కట్టలు అమ్ముతున్నారు. మా గదికీ ఆయన షాపుకీ మధ్య రెండు వీధులు. ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. అందరూ ఏదో ఒకటి వాదిస్తుంటే మౌనంగా వినే ఒకే ఒక్క సభ్యుడు. రచయితకు చెప్పింది ఆయనే అయితే, జీవితంలో ఉన్నానని చెప్పుకోగల ఒక్క చోట ఆయన లేరని నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టాను. ఆదివారం దాన్ని ఆరుగురి ముందు పైకి చదువుతారు.

ఆ రోజు ఒకే గేజీని మూడుసార్లు సరిచూశాను. మూడు రీడింగులూ ఒకటే. అయినా సంతకం పెట్టడానికి చెయ్యి ఆడలేదు.

శుక్రవారం షావుకారు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక చీర మడత పెడుతున్నారు.

“ఆ చీటీ వెనక్కి తీసుకుంటానండీ.”

“అదేంటండీ! వేసిన పోగు లాగేస్తే బట్ట నిలుస్తుందా? కావాలంటే ఇంకో చీటీ పెట్టండి.”

“క్షమాపణ రాయనా?”

“నన్నడుగుతారేంటండీ? చదవడం వరకే నా పని.”

ఆ సాయంత్రం లెక్క మళ్లీ వేశాను. నా వృత్తిలో ప్రామాణికాన్ని ఎవరూ ప్రశ్నించరు. దాని పక్కన పెట్టి మిగతావాటిని ప్రశ్నిస్తారు. ముప్పై మీటర్ల నియమాన్ని ప్రామాణికం అనుకుని ముప్పై నిమిషాలను తప్పన్నాను. ఇప్పుడు తిరగేశాను. అయిదు కిలోమీటర్ల వేగంతో ముప్పై నిమిషాలకు రెండు వేల అయిదు వందల మీటర్లు. అందులోంచి వంతెన పొడవు, లారీల పొడవు తీసేస్తే పదమూడు వందల డెబ్భై. నూట పంతొమ్మిది సందులకు పంచితే, పదకొండున్నర.

అంటే అది అసాధ్యం కాదు. ఎవరో నియమం తప్పారు. ఈ సమాధానం దొరికాక నా ఆదుర్దా తగ్గాలి. తగ్గలేదు. ముప్పైకి బదులు పదకొండున్నర అంటే ఒక్కో పడవ మీద పడే బరువు ఇంచుమించు రెండింతలు.

శనివారం పదకొండింటికి ఆయన షాపుకి వెళ్లాను. బయట పేర్చిన ఇనప పట్టీలు ఎండకు కాలుతున్నాయి.

“రండి ఇంజనీరు గారూ. ఏంటి, స్కూటరుకి కమాన్ కట్ట విరిగిందా, మొహం అలా పెట్టారు?”

“ఆ చీటీ గురించండీ. నేను తప్పు రాశాను.”

“లెక్క తప్పా?”

“లెక్క తప్పు కాదు. ఆఖరి వాక్యం తప్పు.” కాగితం తీసి చూపించాను. “మధ్య దూరం పదకొండున్నర మీటర్లే ఉంటే ముప్పై నిమిషాలు సరిపోతాయండీ.”

ఆయన ఆ అంకె కింద వేలు పెట్టారు.

“బండిన్నర,” అన్నారు. “మీటర్లు నాకు తెలీవు. బండికీ బండికీ మధ్య బండిన్నర దూరం.”

“ఎవరు వదిలారండీ అంత దగ్గరగా?”

“తెల్లారేలోగా దాటించమన్నారు. వంతెన మొదట్లో జెండా పట్టుకున్నవాడు వదలాలి గదా.” కుడి చెయ్యి కొద్దిగా ఎత్తి దించారు. “ఆఖరి నాలుగు బళ్లప్పుడు ఒక పడవ కుంగింది. ఒక లారీ పక్కకి ఒరిగి నీళ్లలోకి పోయింది. డ్రైవర్ నాతోపాటే చేరినవాడు.”

“పుస్తకంలో నష్టమేమీ లేదని ఉందే.”

“అది రాసినాయనకి చెప్పింది నేను కాదండీ. ఇన్నేళ్లూ ఆ పుస్తకం చదివినవాళ్లంతా ఎంత వేగంగా దాటారో అన్నారు. ఎలా దాటారని అడిగింది మీరొక్కరే.”

చీటీ తీయించడానికి ఇంకోసారి ప్రయత్నిస్తానన్నాను.

“తీయద్దు. ఈ అంకె ఇంకో చీటీ మీద రాసి పెట్టండి. నా అక్షరాలు కోడి గీతలు. మీవైతే అందరూ చదవగలరు.”

“జెండా సంగతి?”

“మీకెంత తెలిస్తే అంత రాయండి.”

నాకు తెలిసింది లెక్క మాత్రమే. అదే రాశాను: 'మొదటి చీటీలోని ఆఖరి వాక్యం తప్పు. దూరం పదకొండున్నర మీటర్లయితే సమయం సరిపోతుంది. పడవలకు ఆ బరువు మోసే బలం సరిపోదు. పుస్తకం రెండోదాని గురించి మాట్లాడదు.' సాయంత్రం పటమట వెళ్లి కవరులో పెట్టాను. లెక్చరర్ గారు పుస్తకాన్ని అప్పటికే బీరువాలో తిరిగి పెట్టారు.

ఆదివారం ఎనిమిది మందిమీ వచ్చాం. మిలిటరీ గారు అందరికంటే ముందే వచ్చి, ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. షావుకారు గారు మొదటి చీటీని గొంతు మార్చకుండా చివరి వాక్యం దాకా చదివారు. ఒకరిద్దరు నా వైపు చూశారు. రెండోది చదివారు. ఆగి, కాగితాన్ని వెలుతురు వైపు తిప్పారు. నేను పెట్టినప్పుడు అక్కడ ఇంకేమీ లేదు.

“కింద పెన్సిలుతో ఒక ముక్క ఉందండీ,” అన్నారు. “'జెండా నా చేతిలో ఉంది.'”

గది అంతా ఒక్కసారి మిలిటరీ గారి వైపు తిరగబోయి, ఆగింది. ఎవరు రాశారని అడగకూడదు. నేనైతే నేలకేసి చూస్తూ, ఎవరైనా అడుగుతారేమోనని ఒక్కొక్క ఊపిరీ లెక్కపెట్టాను. ఎవరూ అడగలేదు. షావుకారు గారు రెండు చీటీలనూ ఒకే మడతలో పెట్టి కవరులోకి తోశారు.

“ముప్పై నాలుగు నాకు మళ్లీ కావాలండీ,” అన్నారు లెక్చరర్ గారు. “ఈసారి అనుబంధం ముందు చదువుతాను.”

మిలిటరీ గారు లేచి, బీరువాలోంచి ఆ పుస్తకం తానే తీసి, అట్ట మీద చేత్తో ఒకసారి నిమిరి ఆవిడకు అందించారు. ఆయన మొహం వైపు నేను చూడలేదు. చూడకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది.