డేగ బండి మూడో గేరు

ఐదేళ్ళుగా ఒక అబద్ధం నా దగ్గర ఉంది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, నవ్వుతూ ఆడిన అబద్ధం. చేపల ట్రేలు, ఐసు గడ్డలు, కొండమీది పనసకాయలు, పెళ్ళివారి మంచాలు, నా బండిలో ఎన్ని మోశానో చెప్పలేను. ఏ లోడైనా ఊరు చేరాక దించేస్తాం. ఇదొక్కటే ఎక్కడా దించలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. మా బండ్ల స్టాండులో వాళ్ళకు చెప్పలేదు. మా ఇంటిదానికీ చెప్పలేదు. నా పేరు కూడా ఇక్కడ రాయను. దానికి మీరు నన్ను పిరికివాడంటే కాదనను.

ముందే ఒక మాట. నేను ఏడుస్తూ కూర్చున్న మనిషిని కాను. మాది నౌపడ దగ్గర సముద్రం పక్క ఊరు. మా నాన్న వేటకు వెళ్ళేవాడు, నేను పడవ వదిలి స్టీరింగు పట్టాను. బతుకు బాగానే ఉంది. తెల్లవారకముందే ఒడ్డుకు వెళ్ళి చేపలు ఎత్తుకుని, ఎండ ముదిరేసరికి సాలూరు చేరి, అక్కడ ఒక గ్లాసు మజ్జిగ తాగి ఘాట్ ఎక్కుతాను. కొండ మీద ఒడిశా సంతలో చేపలు దించి, చల్లగాలిలో కాసేపు కునుకు తీస్తాను. ఇంతకన్నా ఏం కావాలని చాలాసార్లు అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ కామేశు గుర్తొస్తాడు.

మా స్టాండులో చిన్న ట్రక్కులు ఇరవై దాకా ఉండేవి. రెండే కంపెనీలు. వాటి అసలు పేర్లు ఎవరూ పలికేవాళ్ళు కాదు. ముందు బొమ్మను బట్టి ఒకటి డేగ బండి, ఇంకొకటి నెమలి బండి. కొన్నవాడు ఏ కులంవాడో అడక్కపోయినా ఏ బండివాడో అడిగేవారు. మైలేజీ ఎవరిది ఎక్కువ, ఉప్పుగాలికి ఎవరి రేకు ముందు తుప్పు పడుతుంది, చక్రాల మీద బరువు మోసే కమాన్‌కట్టలు ఎవరివి విరిగాయి, ఘాట్‌లో ఎవరి ఇంజిను వేడెక్కింది. పొద్దున్న మొదలైతే లోడు వచ్చేదాకా ఇదే. ఫోనుల్లో వాట్సాప్ వచ్చాక ఇంకా ముదిరింది. దారిలో నెమలి బండి ఆగిపోయి కనిపిస్తే మా వాళ్ళు సాయానికి దిగేముందు ఫొటో తీసేవారు. వాళ్ళూ అంతే.

నెమలి పక్షానికి పెద్ద గురువులు అనే మా బావ, నా భార్యకు అన్న. నేను బండి కొనేటప్పుడు నెమలే కొనమని చెప్పాడు. తన మాట వినకుండా డేగ కొంటే ఏడుస్తావన్నాడు. పదిమందిలో, మా మామగారి ముందే అన్నాడు. ఆ మాటకోసమే డేగ కొన్నానేమో. ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తుంది. నచ్చి కొన్నానా, బావ మీద పంతంతో కొన్నానా? బండి చూసినప్పటి సంతోషం గుర్తుంది. బావ ముఖం చూసినప్పటి సంతోషం ఇంకా బాగా గుర్తుంది.

కొన్న ఐదో నెలలో ఘాట్ దిగుతుంటే మూడో గేరు దానంతటదే జారిపోయింది. గేరులో ఉన్న బండి ఇంజిను బిగువుకు నెమ్మదిగా దిగుతుంది. గేరు జారితే ఆ బిగువు ఉండదు, బ్రేకు ఒక్కటే దిక్కు. నా అదృష్టం, అది వాలు తక్కువగా ఉన్న చోటు. సాలూరులో ఒక మేస్త్రీ దగ్గర గేరుబాక్సు విప్పించాను. ఇంటికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి, తిరుగు లోడు కోసం ఆగానని చెప్పాను. నాలుగు నెలలకు మళ్ళీ జారింది. మళ్ళీ అదే మేస్త్రీ. ఈసారి అతను ముక్కుసూటిగా చెప్పాడు.

"ఈ ఏడాది బండ్లకి ఇదొక రోగం బాబూ. దిగినంతసేపూ ఎడమ సెయ్యి గేరు రాడ్డు మీదే ఉంచు. ఒదలకు."

నేను వదల్లేదు. ఆ రోజు నుంచి ఘాట్ దిగినంతసేపూ గేరు రాడ్డును చేత్తో అదిమిపట్టుకునే దిగాను. స్టాండులో మాత్రం నోరు విప్పలేదు. బావ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది కామేశు బండి కొందామనుకున్నాడు. కామేశు నా చిన్ననాటి స్నేహితుడు. ఒకే ఇసుకలో పెరిగాం. వలలు లాగీ లాగీ అతని భుజం చెడింది, ఇక వేటకు పనికిరాడన్నారు. ఆ తరువాత నాలుగేళ్ళు వేరేవాళ్ళ బండి నడిపాడు, చెయ్యి మంచిది. భార్య నూకాలమ్మ తన గాజులు ఇచ్చింది. ఇక ఏ బండి అన్నదే మిగిలింది.

ఆ ఉదయం స్టాండంతా అతని చుట్టూ చేరింది. ఒకరు డేగ అంటారు, ఒకరు నెమలి అంటారు. చాలాసేపు విని, అతను అందరినీ తోసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే, ఈళ్ళ మాటలు నాకొద్దు. ఏడాది దాటి నడుపుతన్నావు, నువ్వు సెప్పు. గేరుబాక్సు ఎప్పుడైనా ఇప్పించేవేటి?"

ఆ ప్రశ్నే ఎందుకు అడిగాడో ఇప్పటికీ అర్థం కాదు. ఇంజిను గురించి అడగొచ్చు, క్లచ్ గురించి అడగొచ్చు. బావ గ్లాసు అంచు మీదుగా నన్నే చూస్తున్నాడు.

"దానికి స్పానరు తగల్లేదురా," అన్నాను.

"నిజివేనా?"

"నీకాడ అబద్ధం ఆడతానేటి?"

బావ గ్లాసు కింద పెట్టాడు. "కొనీసినోడు బాగులేదని ఎప్పుడు సెప్తాడు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కామేశు మాత్రం నవ్వలేదు, నా భుజం తట్టాడు. వారం తిరక్కుండా డేగ కొన్నాడు. కొబ్బరికాయ నాచేతే కొట్టించాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడుగుతూనే ఉన్నాను. బండి బాగులేదని చెప్పక్కర్లేదు. నా పరువు నాకు ఉంచుకునే, "ఒరే, దిగేటప్పుడు రాడ్డు మీద సెయ్యుంచు" అని ఒక్క ముక్క అనొచ్చు. మేస్త్రీ నాకు ఇచ్చిన ఆ ముక్కను నేను కామేశుకు ఇవ్వలేదు. అంటే ఎందుకని అడుగుతాడని భయం. అతని బండికి ఆ రోగం ఉండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రోజులు గడిచాయి. ఏడెనిమిది నెలలు ఏమీ కాలేదు. నేను మరిచిపోయాను కూడా.

ఒక సంత రోజు మధ్యాహ్నం అతను పనసకాయలు వేసుకుని ఘాట్ దిగుతున్నాడు. పక్కన నూకాలమ్మ ఉంది. మలుపు ముందు గేరు జారింది. బండి ఉరికింది. బ్రేకు తొక్కితే లోడు తోసింది. ఎడమవైపు లోయ, కుడివైపు కొండ. ఆ రెండు క్షణాల్లో అతను బండిని కొండ వైపు తిప్పి, గట్టుకు రాసి, రోడ్డు పక్క కాలువలోకి దించాడు. అతని మెడ కింది ఎముక విరిగింది. నూకాలమ్మకు ముందు పళ్ళు రెండు పోయాయి. ఇద్దరూ బతికారు. ఆ మలుపులో అలా తిప్పగలిగినవాళ్ళు మా స్టాండులో ముగ్గురు కూడా లేరు. నేనైతే తిప్పగలిగేవాడినని చెప్పలేను.

కానీ బండిని పైకి లాగినవాళ్ళు రాడ్డు ఏ గేరులోనూ లేక, న్యూట్రల్‌లో ఉండటం చూశారు. అది చాలింది. డీజిలు మిగుల్చుకుందామని కొందరు వాలులో న్యూట్రల్ చేసి దించుతారు, అందరికీ తెలిసిన తప్పుడు పని. కామేశూ అదే చేశాడన్నారు. కక్కుర్తికి పెళ్ళాం పళ్ళు రాలగొట్టాడన్నారు.

చేతికి కట్టుతో అతను స్టాండుకు వచ్చాడు. ఎవరూ అడక్కముందే అన్నాడు.

"నాను న్యూట్రలు సెయ్యలేదు. గేరు దానికదే వచ్చీసింది."

గురువులు బావ ఒక్కడే అందుకున్నాడు. "జారే ఉంటాది. ఆ డేగ గేరుబాక్సుని నమ్మకూడదని నానెప్పుడో సెప్పేను."

కామేశు కాకుండా నిజం చెప్పిన మనిషి ఆ స్టాండు మొత్తంలో మా బావ ఒక్కడే. అయితే ఏం లాభం? నెమలివాడు డేగను తిట్టడం రోజూ ఉన్నదే. ఎవరూ లక్ష్యపెట్టలేదు. అందరూ నా వైపు చూశారు, డేగవాడు ఏమంటాడోనని. కామేశు కూడా చూశాడు. అతని చూపులో అనుమానం లేదు. నేను ఆదుకుంటానన్న ఆశ ఉంది.

"నాదీ అదే బండి, అదే ఘాట్," అన్నాను. "నాకెప్పుడూ జారలేదు."

మొదటి అబద్ధం పంతం. దాన్ని నేను కొంతవరకు అర్థం చేసుకోగలను. రెండోది ఏమిటి? అప్పటికే అతని ఎముక విరిగింది, ఆమె పళ్ళు పోయాయి. ఇప్పుడు నిజం చెబితే, ముందే తెలిసి ఎందుకు చెప్పలేదంటారు. ఆ మాటకు భయపడి, నా చేతిలో ఉన్న అతని పేరును కాలువలో పడేశాను. బండి బాగు చేయించవచ్చు. డ్రైవరుగా పోయిన పేరుకు మేస్త్రీ ఎక్కడ ఉంటాడు?

కామేశు బండి అమ్మేశాడు. ఎవరైనా నడపమని బండి ఇవ్వబోయినా తీసుకోలేదు. మోటారు సైకిలు కూడా ముట్టుకోవడం మానేశాడు. నేను ఆ ఏడాదే నా డేగను మార్చేసి వేరే బండి కొన్నాను. అమ్మేటప్పుడు కొన్నవాడికి గేరు సంగతి చెప్పాను. ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పగలిగాను, చూడండి.

తరువాత కామేశు, నూకాలమ్మ సాలూరు బజారులో ఎండుచేపల కొట్టు పెట్టారు. కొండవాళ్ళు బాగా కొంటారు, కొట్టు నిలబడింది. నూకాలమ్మ నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది గానీ నవ్వడం మానలేదు. నన్ను అన్నయ్యా అంటుంది. నేను వెళితే అన్నం తినకుండా కదలనివ్వదు. వాళ్ళను చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు. బండి పోబట్టే ఈ కొట్టు వచ్చిందని కామేశే అంటాడు. ఆ మాటను పట్టుకుని నేను గట్టెక్కాలా? ఎన్నోసార్లు ప్రయత్నించాను. నిలవదు. కొట్టు వాళ్ళ కష్టంతో వచ్చింది. నా అబద్ధంతో రాలేదు.

కిందటి నెల సంతకు కామేశు నా బండిలో వచ్చాడు. దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర బయటికి చూసి అన్నాడు.

"నాను న్యూట్రలు సేసేనేమోరా. గుర్తు లేదు గాని, సేసే ఉంటాను. నీ బండికి రానిది నా బండికే ఎందుకొస్తాది? నాకు డ్రైవింగుకి సెయ్యి లేదు, అంతే."

బాధగా అనలేదు. ఎప్పుడో ఒప్పేసుకున్న విషయం చెప్పినట్టు, తేలిగ్గా అన్నాడు. ఆ మలుపులో భార్యను బతికించిన మనిషి, తానే ఆమెను పడేశానని నమ్ముతున్నాడు. నా మాట మీద నమ్మకంతో తన జ్ఞాపకాన్నే మార్చేసుకున్నాడు. నోరు తెరిచాను. "దాహంగా ఉన్నాదిరా, కింద ఆగుదాం," అన్నాను. ఆగాం. చెరుకురసం తాగాం. బాగుందన్నాడు.

అతనికి చెబుతానా? చెబుతానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. తెలియదు. చెబితే నూకాలమ్మ వడ్డించే అన్నం పోతుంది. పోవాల్సిందే కదా అని ఒకరోజు అనిపిస్తుంది, ఇప్పుడు కదిలించడం ఎందుకని మరోరోజు అనిపిస్తుంది. రెండో ఆలోచన వచ్చిన రోజు నిద్ర బాగా పడుతుంది. అందుకే దాన్ని నమ్మను. మీరు క్షమించాలని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కారు.

ఇది మాత్రం రాస్తాను. కామేశు ఆ రోజు న్యూట్రల్ చేయలేదు. గేరు దానంతటదే జారింది. నా బండికి అంతకుముందే రెండుసార్లు జారింది, అతను నన్ను అడిగిన ఉదయానికే ఆ సంగతి నాకు తెలుసు. అతను మంచి డ్రైవరు.

ఈ మాటలు ఇంతవరకు నేను ఒక వరుసలో ఎక్కడా అనలేదు, ఒంటరిగా బండిలో ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి. మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఒక్క ముక్క కూడా మార్చాలనిపించలేదు.