ఒక కమ్మకు ఇద్దరు

కంసాలి ఎవారిస్తో యార్లెకే విదేశం వెళ్తున్న సంగతి, పరీక్ష కూడా జరగకముందే మా కటకావోస్ ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. చెప్పింది ఆయనే. పెత్రోనా తన కొట్టు ముందు తెల్లజెండా కట్టిందంటే చిచ్చా అనే మొక్కజొన్న కల్లు పులిసి సిద్ధమైనట్టు. జెండా కట్టిన ప్రతి మధ్యాహ్నమూ ఎవారిస్తో సొరబుర్ర చేత పట్టుకుని, తన లాంటి పనివాడు లేక స్పెయిన్ దేశం ఎంత ఇబ్బంది పడుతోందో మాకు వివరించేవాడు. వింటుంటే మాకు స్పెయిన్ మీద నిజంగా జాలి కలిగేది.

ఆయన తొందరకు కారణం లేకపోలేదు. మా ఊరి వెండి తీగపనికి పోటీగా దుకాణాల్లో అచ్చుపోసిన కమ్మలు వేలాడుతున్నాయి. దూరం నుంచి చూస్తే అవీ మా పనిలాగే ఉంటాయి. దగ్గరికొచ్చి చూసే ఓపిక జనానికి తగ్గింది. ఎవారిస్తో బల్ల మీదికి ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి తెగిన గొలుసులు.

"తెగినవి అతుక్కుంటూ కూర్చుంటే నేను కంసాలినా, చెప్పులు కుట్టేవాణ్ణా?" అనేవాడు. చెప్పులు కుట్టే ఇపనాకే పక్కనే ఉన్నా పట్టించుకునేవాడు కాదు.

స్పెయిన్‌లో కోర్దోబా అనే ఊళ్లోని ఒక నగల కార్ఖానా తరఫున గార్సెరాన్ అనే పెద్దమనిషి మా పక్కనున్న పియూరా పట్నానికి వచ్చాడు. హోటల్ హాల్లో పరీక్ష. పనిలోకి తీసుకునేది ఒక్కరినే. మా ఆడవాళ్లు నిద్రలో కూడా తియ్యని దోర్మిలోనా కమ్మ ఒకటి, పొద్దున కూర్చుంటే సాయంత్రానికి పూర్తి చెయ్యాలి.

"ఒక్కడివే వెళ్తున్నావా బావా?" అని అడిగాడు ఇపనాకే.

"ఒక్కణ్ణే ఎలా వెళ్తానయ్యా? సరంజామా ఉండాలిగా."

సరంజామా అంటే కమ్మచ్చు, ఊదుగొట్టం, వెలిగారం, సన్న పట్టకార్లు, భార్య ఫెలీసితాస్. ఇందులో ఆవిడను తక్కువ చేసిందేమీ లేదు. మా ఊళ్లో కమ్మను ఒక్కరే చెయ్యడమనేది లేదు. మగవాడు తీగ లాగుతాడు, చట్రం వంచుతాడు, ఊది టంకం పెడతాడు. వెంట్రుకంత తీగను చుట్టలు చుట్టి, ఆ చట్రంలో ఖాళీ లేకుండా నింపేది ఆడది. ఈ చట్టం ఎవరు చేశారో తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

హోటల్ వాళ్లకు ఈ చట్టం తెలియదు. బల్ల దగ్గరికి ఒక్కరినే రానిచ్చారు. ఫెలీసితాస్ తన గడ్డిటోపీ, వేయించిన అరటికాయల మూట ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. లోపల ఎవారిస్తో కమ్మచ్చులోంచి తీగ లాగిన తీరు, నెలవంకలా చట్రం వంచిన తీరు చూసి గార్సెరాన్ ఆయన బల్ల దగ్గరే నిలబడిపోయాడట. అంతలో మన మేస్త్రీ ఖాళీ చట్రాన్ని, సన్న తీగను అరచేతిలో పెట్టుకుని, లేచి, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. కాలకృత్యాలకు కాబోలు అనుకున్నారు.

"ఇంతసేపా?" అంది ఫెలీసితాస్. పట్టకారు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

"వీళ్ల దీపం మంట మహా చిరాకు."

"మంటకేం రోగం? నీ నోరే ఎండిపోయింది. నీళ్లు తాగు."

ఆయన నీళ్లు తాగాడు. ఆవిడ నింపింది. టంకం పడేదాకా ఆ నింపిన పనికి ఆధారం దాని బిగువు ఒక్కటే. ఒక్క తుమ్ము చాలు, నేలపాలు. దాన్ని ఎవారిస్తో, గుడ్‌ఫ్రైడే ఊరేగింపులో పల్లకీ మోసేవాళ్ల గాంభీర్యంతో లోపలికి తీసుకొచ్చాడు. దొంగచాటుగా కాదు, అందరి ముందే. మిగిలిన అభ్యర్థులూ మా ఊరివాళ్లే. వాళ్లకు తప్పు కనబడలేదు. భార్యను ఇంట్లో వదిలేసి వచ్చామే అని బాధపడ్డారంతే.

టంకం పెట్టడం అయ్యాక గార్సెరాన్ భూతద్దం పెట్టి కమ్మను అటూ ఇటూ తిప్పాడు.

"ఈ నింపిన పని ఎవరిది?"

'నాదే' అంటే సరిపోయేది. ఉన్నది ఒకే ఒక్క చోటు. వెళ్తున్నానని ఊరంతా చాటుకున్న మనిషి. ఎవారిస్తో ఆ ప్రశ్నకే నొచ్చుకున్నాడు.

"ఇంకెవరిది? మా ఆవిడది. బయట కూర్చుంది."

గార్సెరాన్ బయటికి వెళ్లి ఫెలీసితాస్ ముందు టోపీ తీశాడు.

"అమ్మా, చట్రం వంచేవాళ్లు, టంకం పెట్టేవాళ్లు మాకున్నారు. ఇలా నింపేవాళ్లే లేరు. మీరు వస్తారా?"

"మరి ఈయన?"

"ఇప్పటికి ఒక్కరికే. ఏడాది తర్వాత మీ కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు."

"కుటుంబం అంటే ఎవరు?" అన్నాడు ఎవారిస్తో.

"మీరే."

ఎవారిస్తో గార్సెరాన్ చేతిలోని కమ్మను తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ చేతిపని మీద టంకం పెడుతున్నవాడు, దాన్ని అలా ఎత్తి చూడటం అదే మొదలేమో.

"నేను వెళ్లను," అంది ఫెలీసితాస్ మెల్లగా.

"వెళ్లకపోతే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను? స్పెయిన్ వచ్చి పిలిస్తే యార్లెకే ఇంటివాళ్లు పొమ్మన్నారని చెప్పుకోనా? మూట విప్పు, ఆకలేస్తోంది."

మర్నాడు జెండా ఎగిరేసరికి కొట్టు నిండిపోయింది.

"ఏం మేస్త్రీ, నిన్ను తీసుకున్నారా?" అంది పెత్రోనా, అంతా తెలిసే.

"మమ్మల్ని తీసుకున్నారు. ముందు చెయ్యి వెళ్తుంది, వెనక ఊపిరి వెళ్తుంది."

"మరి కాగితాల్లో నువ్వెవరు బావా?" అన్నాడు ఇపనాకే. చెప్పుల మాట అతను మర్చిపోలేదు.

"కుటుంబాన్ని."

కొట్టు కప్పు ఎగిరేలా నవ్వారు. ఎవారిస్తో సొరబుర్ర ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నవ్వు ఆగేదాకా కూర్చున్నాడు.

"నవ్వండి, నవ్వండి. మీ ఇళ్లల్లో ఏ మేస్త్రీ ముందైనా స్పెయిన్ టోపీ తీసిందా?"

మా ఇళ్లల్లో తీసే అవసరం ఏ దేశానికీ పడలేదు.

ప్రయాణంలోపు ఎవారిస్తో నింపడం నేర్చుకోవాలని ఫెలీసితాస్ తీర్మానించింది. ఏడాదిపాటు ఇల్లు తెగిన గొలుసుల అతుకులతో నడవడం ఆమెకు ఇష్టం లేదు. ఇప్పుడు సాయంత్రాలు ఆయన ఆవిడ పొట్టి పీట మీద మోకాళ్లు చెవుల దాకా వచ్చేలా కూర్చుంటున్నాడు. మగవాడు నింపడం మా వీధి ఎన్నడూ చూడలేదు కనుక కిటికీ దగ్గర చోటు దొరకడం లేదు. మొదటి చట్రం నింపి చూపించినప్పుడు మేమందరం అక్కడే ఉన్నాం.

"పిచ్చుక గూడు బాగానే కట్టావు," అని ఫెలీసితాస్ చట్రాన్ని బోర్లించింది. తీగంతా బల్ల మీద రాలింది. "మళ్లీ."

ఎవారిస్తో పట్టకారు చేతిలోకి తీసుకుని మా వైపు తిరిగాడు.

"స్పెయిన్ మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నాను. వెలుతురుకు అడ్డం తప్పుకోండి."